ఏడుపా, పాటా?

మా ఇంట్లో దేవుడి పటం ఉండేది కాదు. ముహూర్తాలు లేవు, వాస్తు లేదు, పిల్లి ఎదురైతే ఆగడం లేదు. అమ్మ భాష కూడా లేదు. మొదటి నాలుగూ లేకపోవడం గురించి చిన్న పత్రికల్లో చాలాసార్లు గర్వంగా రాశాను. ఐదోదాని గురించి ఇంతవరకు ఒక్క వాక్యం రాయలేదు.

బాపుది జనగామ. బట్టల దుకాణంలో గుమాస్తా. సాయంత్రం దుకాణం కట్టేశాక స్టేషన్ రోడ్డులో ఒక బియ్యం కొట్టు మీది గదిలో వారానికోసారి చర్చ నడిపేవాడు. దేవుడున్నాడా, దయ్యముందా, జాతకం చూసేవాడు తన జాతకం ఎందుకు చూసుకోడు, ఇట్లాంటివి. నాకు పదకొండేళ్ళు వచ్చేసరికి పీట వేసి నిలబెట్టి నాతో కూడా మాట్లాడించాడు. ఎదుటివాడి మాటలో పగులు వెతకడం, దొరకగానే అందులో మేకు దిగ్గొట్టడం నాకు అక్కడే అబ్బింది.

అమ్మది మహబూబాబాద్ దగ్గరి తండా. లంబాడ పిల్ల. బాపు పడుచుతనంలో రెండేళ్ళు మహబూబాబాద్‌లో పనిచేశాడు. అప్పుడు సాయంత్రాలు తండాకు పోయి పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పేవాడు. అక్కడ కలిశారు. పెళ్ళి జనగామలో జరిగింది, పురోహితుడు లేకుండా, వేదిక మీద, రెండు దండలతో, చాలా ఉపన్యాసాలతో. అమ్మ తరఫున వచ్చింది ఒక్కరే, ఆమె అక్క. ఉపన్యాసాలు ఎప్పుడైపోతాయా అని ఆమె కింద కూర్చొని చూసిందట.

పెళ్ళైన తొలివారమే బాపు ఒక మాట అడిగాడు. ఇంట్లో తెలుగే మాట్లాడదాం అన్నాడు. ఆయన ఉద్దేశం చెడ్డది కాదు. రేపు పుట్టే పిల్లను బడిలో ఎవరూ లంబాడ్ది అని ఎగతాళి చేయొద్దని. దానికి తోడు ఆయనకొక సిద్ధాంతం ఉండేది. లిపి లేనిది భాష కాదు, నోటిమాట, అది ఒక తరంలో ఎండిపోతుంది, ఎండిపోనీయడమే మేలు. పక్కింట్లో దర్జీ కుటుంబం ఉండేది, ముస్లిములు. వాళ్ళతో గోడకు ఆనుకొని గంటల తరబడి ఉర్దూలో మాట్లాడి మురిసిపోయేవాడు. అది లిపి ఉన్న భాష. ఇంగ్లీషు సైన్సు భాష. తెలుగు మన భాష. అమ్మది మటుకు లెక్కలోకి రాలేదు.

ఒకసారి కోస్తాలో ఏదో పట్నంలో సభకు పిలిస్తే పోయాడు. వేదికెక్కి "గిట్లనే మూఢనమ్మకం పుడ్తది" అన్నాడట, హాలంతా నవ్విందట. ఇంటికొచ్చి రగిలిపోయాడు.

"సినిమాల జోకర్‌గాడు మాట్లాడినట్టున్నదట నా భాష! నవ్వుతరా! చెప్పే ముచ్చట ఇనరు, యాసకు నవ్వుతరు!"

అమ్మ చేటలో కందిపప్పు పోసుకొని రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఆళ్ళకు లిపి ఉన్నది, నీకు లిపి ఉన్నది. మరి ఎందుకు నవ్విండ్రు?"

బాపు "అది వేరు" అన్నాడు.

ఎట్లా వేరో ఎన్నడూ చెప్పలేదు. చర్చ గదిలో ఎవరైనా "అది వేరు" అని తప్పించుకుంటే ఆయన వాళ్ళను వదిలేవాడు కాదు. అమ్మను ఆ ప్రశ్నతో వదిలేశాడు. అమ్మ కూడా ఆయన్ని వదిలేసింది.

నాకు పదమూడేళ్ళప్పుడు అమ్మ తల్లి చనిపోయింది. కబురు ఆలస్యంగా అందింది. మేం ముగ్గురం రైళ్ళు మారి మహబూబాబాద్‌లో దిగి తండాకు చేరేసరికి అన్నీ అయిపోయాయి. వాకిట్లో ఆడవాళ్ళు గుంపుగా కూర్చొని ఉన్నారు. అందులోంచి పెద్దమ్మ, పెళ్ళికి వచ్చిన ఆ అక్క, లేచి వచ్చి అమ్మ మెడ చుట్టూ రెండు చేతులు వేసింది. మోచేతుల దాకా ఉన్న తెల్ల గాజులు అమ్మ వీపు మీద కలుసుకున్నాయి. అట్లా పట్టుకొని ఏడుపు అందుకుంది.

అటువంటి ఏడుపు నేను అంతవరకు వినలేదు. దానికి రాగం ఉంది. ఒక పొడుగు మాట, దాని చివర ఒక సాగదీత, మళ్ళీ ఒక మాట. పెద్దమ్మ ఆగిన చోట అమ్మ అందుకుంది. అమ్మ గొంతులోంచి నాకు తెలియని భాష, నాకు తెలియని మనిషి బయటికి వచ్చారు. భయపడ్డాను. భయపడ్డ చర్చల పిల్ల ఏం చేస్తుంది? పగులు వెతుకుతుంది. నాకు రెండు పగుళ్ళు దొరికాయి. వరుస చివర్లు ఒక తీరుగా తిరిగి వస్తున్నాయి. చుట్టూ కూర్చున్నవాళ్ళలో ఒకావిడ ఏడుస్తూనే పక్కావిడకు పొగాకు తుంచి ఇచ్చింది. ఇంకేం కావాలి రుజువు?

వాళ్ళు ఏదో భాషలో ఏడుస్తున్నారు కదా, నా తెలుగు వాళ్ళకు అర్థం కాదనుకున్నాను. జనగామలో పెరిగిన పిల్ల మాత్రమే చేయగల పొరపాటు అది. తండాలో మూడేళ్ళ పిల్లకు కూడా తెలుగు వస్తుంది. అంగడిలో బేరం తెలుగులో, పట్వారి దగ్గర మొర తెలుగులో. తెలుగు రాకుండా వాళ్ళకు ఒక్క దినం గడవదు.

గట్టిగానే అడిగాను. "బాపూ, గిది ఏడుపా, పాటా? నిజంగ దుఃఖమొస్తె రాగం ఎట్ల వస్తది? నాటకం కాదా?"

బాపు నన్ను కోప్పడలేదు. నా తల మీద చెయ్యి వేశాడు. మంచి ప్రశ్న అడిగినప్పుడు వేసే చెయ్యి అది.

అమ్మ గొంతు మాట మధ్యలో తెగిపోయింది. నా వైపు, బాపు వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ ఒక్కతే ఇంకొక వరుస ఏడ్చి, అవతల అందుకునే గొంతు లేక ఆగిపోయింది. చేతులు తీసింది. ముఖం తుడుచుకుంది. అప్పటిదాకా అమ్మతో తన భాషలోనే మాట్లాడిన మనిషి, అమ్మ ముఖంలోకి చూస్తూ తేట తెలుగులో అన్నది.

"కూసోండ్రి. దూరం నుంచి వచ్చిండ్రు. నీళ్ళు తాగుతరా?"

బయటివాళ్ళతో అనే మాట, ఎరువుల దుకాణం వాళ్ళు వస్తే అనే మాట. అంతే. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళు నేను తండాకు పోనే లేదు. అమ్మ ఎన్ని పెళ్ళిళ్ళకు, ఎన్ని చావులకు పోయినా, పెద్దమ్మ కుర్చీ వేసింది, అన్నం పెట్టింది, చీర పెట్టింది. అన్నీ తెలుగులో. ఒక్కసారి కూడా మెడ పట్టుకోలేదు. తిట్టి పంపితే అమ్మకు తిరిగి తిట్టే వీలుండేది. మర్యాద చేసి పంపింది.

ఇప్పుడు నేను భూపాలపల్లిలో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. బాపు పోయి మూడేళ్ళు. అప్పటినుంచి అమ్మ నా దగ్గరే ఉంటోంది. మధ్యాహ్నం బొగ్గు గనిలో పేలుళ్ళు జరిగితే కిటికీ రెక్కలు గడగడలాడతాయి, అమ్మ లేచి అలవాటుగా వాటిని అదిమి పట్టుకుంటుంది. కిందటి దసరా తర్వాత ఒకరోజు పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. మా అమ్మ మంచం దిగడం తగ్గించింది చిన్నమ్మా, చూసిపోరాదా అన్నాడు. మరునాడు మధ్యాహ్నం కిటికీ పట్టుకొని నిలబడే అమ్మ అడిగింది.

"అక్క పోతే నేను ఏడ్వొచ్చునా?"

"అదేం ప్రశ్న? నిన్నెవరు ఆపుతారు?"

"ఎవ్వలు ఆపరు. కుర్చేసి కూసోబెడ్తరు. బతికున్నప్పుడు నా మెడ పట్టనిది, పోయినంక నేనెట్ల పడ్త? నేను ఎత్తుకుంటే అందుకునేటోళ్ళు ఉండాలె గద. ఒక్కతి ఏడ్చుడు మా దిక్కు ఏడ్చుడు కాదు."

కిటికీ శబ్దం ఆగింది. ఆమె రెక్క వదల్లేదు.

"ఆనాడు నువ్వు ఆపినవ్, నేను ఆగిన. నీది తప్పనను, పిల్లవు. నేనెందుకు ఆగిన్నో గదే నాకు ఇప్పటిదాక సమజైతలేదు."

ముప్పై నాలుగేళ్ళలో ఈ సంగతి ఆమె నాతో ఎత్తడం అదే మొదలు. నాకు గుర్తు లేదేమో అనుకుంది. నాకు గుర్తుంది. ఆ ప్రశ్నతో నేనొక వ్యాసం కూడా మొదలుపెట్టాను ఒకప్పుడు, శోకంలో కృత్రిమత్వం గురించి. మెచ్చుకున్నారు కూడా.

"నాకు మీ మాట నేర్పు" అన్నాను.

"నేర్ప."

"ఎందుకు?"

"ఇన్నేండ్లు నోరు కట్టుకున్న. ఇప్పుడు ఇడిస్తె మొదాలు ఏమొస్తదో నాకే తెల్వదు. నీ మీద పడ్తదేమో."

అందుకని మా కాలేజీ ఆయమ్మను అడిగాను. చిట్యాల దిక్కు తండాలో పుట్టిన మనిషి. గంగారం వైపు కోయ అబ్బాయిని ఇష్టపడి చేసుకుంది. ఇద్దరు పిల్లలు. ఆమె ఫోన్‌లో పిల్లలతో మాట్లాడుతుంటే ఒకే నిమిషంలో మూడు భాషలు దొర్లేవి. ఎట్లా సాధ్యం అంటే నవ్వేది.

"సాధ్యమేంది మేడం. తిట్టనీకి లంబాడి, బుజ్జగియ్యనీకి వాళ్ళ నాయిన మాట, ఫీజు మాఫీ కోసం సార్ల కాళ్ళు మొక్కనీకి తెలుగు. ఒక్కటి తక్కువైనా ఇల్లు నడ్వదు."

 మా ఇంట్లో ఒక్క భాషను నిలబెట్టడానికి ఇంకోదాన్ని చంపాలనుకున్నాం. ఈమె చీపురు పట్టుకొని మూడింటిని పెంచుతోంది.

పాఠం మధ్యాహ్నం అన్నం వేళ. నేను నోట్‌బుక్కు తెరిచి తెలుగు అక్షరాల్లో రాసుకునేదాన్ని. యాడి అంటే తల్లి, పెద్దమ్మనూ అట్లాగే పిలుస్తారు. పాణి అంటే నీళ్ళు. ఆవ్, రా. బేస్, కూర్చో. కొన్ని ధ్వనులకు నా లిపిలో చోటే దొరకలేదు. లిపి గొప్పతనం గురించి బాపు చెప్పిందంతా ఆ పేజీల అంచున కుంటుతూ నడిచింది. రెండు నెలలకు వాక్యాలు వచ్చాయి.

"ఎట్లుంది నా మాట?" అని అడిగాను.

"మంచిగున్నది మేడం. రేడియోల వార్తలు చదివినట్టున్నది."

అప్పుడు అసలు సంగతి చెప్పాను. ఆ ఏడుపు నేర్పమన్నాను. దానికి వాళ్ళు ఢావ్లో అంటారు. పెళ్ళికూతురు పుట్టిల్లు విడిచేటప్పుడు, చావులో, చాలా కాలానికి కలిసిన ఆడవాళ్ళు ఒకరి మెడ ఒకరు పట్టుకున్నప్పుడు ఏడ్చేది. ఆమె అన్నం ముద్ద పట్టుకొని నన్ను చూసింది.

"అది నేర్పేది కాదు మేడం. పాటంటే నేర్పుత. గిది ఎవ్వలిది వాళ్ళు కట్టుకోవాలె, అక్కడికక్కడ. మొదాలు పేరు పెట్టి కాదు, వరుస పెట్టి పిలువాలె. ఆఖరిపారి కలిసినప్పటి సంది ఏమేం జరిగిందో చెప్పుకుంట పోవాలె. ఎవ్వలు పోయిండ్రు, ఎవ్వలు పుట్టిండ్రు, ఏ యేడు పంట మునిగింది. అవతలామె నీ మాట అందుకొని తనది చెప్తది. నడుమ అబద్ధమాడొద్దు. చుట్టు కూసున్నోళ్ళందరు ఇంటరు, తప్పయితే ఆడనే అంటరు. మీరు కలువక ఎన్నేండ్లాయె?"

"ముప్పై నాలుగు."

"వామ్మో! పొద్దుగూకెదాక ఏడ్వాలె మీరు!"

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగడం, ఎదుటివాళ్ళ మాటను అందుకొనే జవాబు మొదలుపెట్టడం, అబద్ధం ఆడితే సాక్షులు అక్కడే పట్టుకోవడం. బియ్యం కొట్టు మీది గదిలో ఇరవై ఏళ్ళు మేం చేస్తున్నామనుకున్నది ఇదే. మా దగ్గర ఎదుటివాడి మాట అయ్యేదాకా ఆగినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు, నాతో సహా. నేను నాటకమన్నది, చదువు రాని ఆడవాళ్ళు ఎన్ని తరాలుగానో పట్టు తప్పకుండా నడుపుతున్న సభ.

అయినా నా అలవాటు పోలేదు. ఒక ఆదివారం కూర్చొని నా ఏడుపు రాసుకున్నాను. రెండు పేజీలు. సోమవారం ఆయమ్మకు చదివి వినిపిస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇండ్ల 'ఎందుకంటే' అని నాలుగుపార్లు వచ్చింది మేడం. ఎందుకంటే అని ఎవ్వలన్న ఏడుస్తరా? ఏం చూసిండ్రో గది చెప్పుండ్రి. ఎందుకో వాళ్ళకే ఎర్కైతది."

ఆ కాగితం చించేశాను. ఎక్కువ కష్టపడి రాసినవాటిలో అదొకటి.

మిరప ఏరే రోజుల్లో పోయాం. పరకాల, నర్సంపేట మీదుగా బస్సులు మారి మహబూబాబాద్, అక్కడినుంచి ఆటో.  తండా అంతా మిరపకాయలే. వాకిళ్ళ నిండా ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. గాలి పీల్చగానే గొంతు పట్టింది, ఆటో అతను కూడా తుమ్ముకుంటూ డబ్బు తీసుకొని పోయాడు.

పెద్దమ్మ వాకిట్లో నులక మంచం మీద కూర్చొని ఉంది. చిక్కిపోయింది. గాజులు మోచేతుల మీదికి జారి వదులుగా ఉన్నాయి. కోడలు కింద కూర్చొని తాలుకాయలు వేరు చేస్తోంది. మమ్మల్ని చూడగానే పెద్దమ్మ తెలుగులో అన్నది.

"రాండ్రి, రాండ్రి. బస్సు దొరికిందా? కుర్చీలు తేపో, చుట్టపోళ్ళు వచ్చిండ్రు."

కోడలు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వేసింది. అమ్మ అంచున కూర్చుంది. చేతిసంచి ఒళ్ళోనే పెట్టుకుంది, ఎక్కువసేపు ఉండని మనిషిలాగా.

నేను సిద్ధం చేసుకున్న వాక్యం అన్నాను. యాడీ, నీ ఒళ్ళు ఎట్లుంది, నిన్ను చూడటానికి వచ్చాం అని, వాళ్ళ భాషలో. కోడలు చేతిలో కాయ వదిలేసి నన్ను చూసింది. అమ్మ కూడా చూసింది. నేను నేర్చుకుంటున్నానని ఆమెకు తెలుసు, నా నోట వినడం అదే మొదలు. పెద్దమ్మ తల ఊపింది, మెచ్చుకోలుగానే. జవాబు తెలుగులో వచ్చింది.

"మంచిగ నేర్చుకున్నవ్ బిడ్డా. పరీక్ష వెడితే పాసైతవ్."

నాలుగు నెలల నోట్‌బుక్కు అక్కడ అయిపోయింది. తర్వాత పంట ధర, మా ఊరి ఎండలు, మోకాళ్ళ నొప్పులు, అన్నీ తెలుగులో. మాటల మధ్య అమ్మ కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టింది. పెద్దమ్మ ఆ చెయ్యి వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"గిది ఏడుపా బిడ్డా, మిరపకాయ ఘాటా?"

నా ప్రశ్నే. ముప్పై నాలుగేళ్ళు దాచిపెట్టి, నేనడిగిన తీరులోనే తిరిగి ఇచ్చింది.  ఆమె మెల్లగా ముగించింది.

"ఘాటే అయ్యుంటది. మీకు అలవాటు లేదు. లోపట కూసోండ్రి."

అమ్మ మిరప చేన్లలో పుట్టింది. ఆమె వేళ్ళ గోళ్ళ కింద ఆ మంట ఎన్నేళ్ళున్నదో నాకు చెప్పేది. ఆ వాకిట్లోనే పాకిన మనిషిని, నీకు అలవాటు లేదు, లోపలికి పో అన్నారు. అమ్మ సంచి పట్టుకొని నిజంగానే లేవబోయింది. ఆనాడు ఆగినట్టే ఈనాడు కూడా ఆ మాట వినేసింది. ఇప్పుడు లోపలికి పోతే మళ్ళీ ఈ వాకిలికి రావడం పెద్దమ్మ చావుకే అని నాకు తెలిసింది.

నేను లేచి మంచం దగ్గరికి పోయి పెద్దమ్మ మెడ చుట్టూ చేతులు వేశాను. ఆమె బిగుసుకుంది. ఎముకలు చేతికి తగిలాయి. నాకు రాగం రాదు, బడిలో జనగణమన కూడా పెదవులు కదిపి నెట్టుకొచ్చినదాన్ని. గొంతులోంచి వచ్చిందాన్ని రానిచ్చాను.

యాడీ, అన్నాను. యాడీ, నేను పదమూడేళ్ళ పిల్లను, నీ వాకిట్లో నోరు తెరిచాను. నీ చేతులు మా అమ్మ వీపు మీది నుంచి లేచిపోవడం చూశాను. యాడీ, మా బాపు పోయాడు. హన్మకొండ దవాఖానలో మూడు రోజులు ఉన్నాడు. మూడో రోజు నీళ్ళు అడిగాడు. తర్వాత సభ పెట్టాం. పదకొండు మంది మాట్లాడారు, మనిషికి ఐదు నిమిషాలు. నేను గడియారం పట్టుకొని కూర్చున్నాను. అమ్మను ఎవరూ మాట్లాడమనలేదు. యాడీ, అమ్మ ముందు వరుసలో కుర్చీలో కూర్చుంది. ఆమె మెడ ఎవరూ పట్టుకోలేదు. నేనూ పట్టుకోలేదు.

మాటలు తప్పాయి. రెండు చోట్ల తెలుగు కలిసింది. ఇంక నా దగ్గర ఏమీ లేదు. ఆగిపోయాను. ఎవరూ అందుకోలేదు. కోడలు చేతులు కదలడం మానేశాయి. పక్కింటి వాకిట్లోంచి ఇద్దరు ముసలమ్మలు లేచి వచ్చి దడి పక్కన నిలబడ్డారు. సిగ్గుతో చేతులు తీయబోయాను.

అప్పుడు పెద్దమ్మ చెయ్యి నా వీపు మీద పడింది. నా ఆఖరి మాటనే అందుకుంది.

ఆమె గొంతు ఆ శరీరంలోది అంటే నమ్మలేకపోయాను. మంచం దిగలేని మనిషి. పొడుగు వరుస, చివర ఒక సాగదీత, ఊపిరి, మళ్ళీ వరుస. ఒక్కొక్క ఏడాదినీ తీసుకుంది. భర్త పోయిన ఏడు. నీళ్ళు లేక బోరు ఎండిన ఏడు. నా పెళ్ళైన ఏడు ఏ నెలో ఆమెకు తెలుసు. నేను ఏ ఊళ్ళో ఉద్యోగంలో చేరానో తెలుసు. బాపు పోయిన వారం కూడా తప్పలేదు. నేనైతే ఏ ఒక్కటీ ఆమెకు చెప్పి ఎరగను. ఆనవాళ్ళన్నీ ఎక్కడెక్కడినుంచో ఏరి, ఒక్క అక్షరం రాని ఆ మనిషి, వరుస తప్పకుండా తలలో పెట్టుకుంది. ఎప్పటికైనా ఒకరోజు ఈ మెడ పట్టుకుంటానని కట్టి ఉంచిన ఏడుపు అది. కాగితం మీద రెండు పేజీలు నిలబెట్టలేకపోయినదాన్ని, ఆమె భుజం మీద తల పెట్టుకొని నోరు తెరుచుకొని విన్నాను.

మధ్యలో ఒక దూడ కట్టు తెంచుకొని మిరపకాయల మీదికి వచ్చింది. పెద్దమ్మ ఏడుపు ఆపి, దూడను తోలమని కోడలి మీద ఒక అరుపు అరిచి, ఆ అరుపు చివరినుంచే మళ్ళీ ఏడుపు అందుకుంది. పొగాకు తుంచి ఇచ్చిన ఆ ఆడమనిషి నాకు గుర్తొచ్చింది. నా పెద్ద రుజువు. మిరపకాయలను దూడ తొక్కితే ఏడాది కష్టం పోతుంది. ఏడుస్తున్నంత మాత్రాన అది ఆమెకు తెలియకుండా పోతుందా?

తర్వాత ఆమె జనగామ ఎత్తింది. ఒకసారి చుట్టపోళ్ళ దవాఖాన పనికి జనగామ వచ్చిందట. మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి సందు మొదట్లో నిలబడిందట. అమ్మ వాకిట్లో బట్టలు ఆరేస్తోందట, నాతో ఏదో చెబుతోందట. తెలుగులో. పిలుద్దామని నోరు తెరిచాను చెల్లే, ఏ మాటతో పిలవాలో తెలియలేదు చెల్లే, నీ నోట్లో నా మాట ఉందో లేదో తెలియలేదు, దర్జీ ఇంటి గోడ పట్టుకొని నిలబడ్డాను, ఆ దర్జీవాళ్ళ ఆడమనిషి నీళ్ళిచ్చింది, తాగి వచ్చేశాను చెల్లే.

దర్జీ ఇంటి గోడ. బాపు ఆనుకొని ఉర్దూ మాట్లాడిన గోడ.

వెనక కుర్చీ పడిన చప్పుడైంది. నేను తిరిగి చూసేలోపే అమ్మ నన్ను పక్కకు నెట్టేసింది. నిజంగా నెట్టేసింది, మంచం కోడు నా మోకాలికి కొట్టుకుంది. అక్క మెడ పట్టుకొంది. అందుకుంది. పదమూడేళ్ళప్పుడు నేను సగంలో తెంపిన గొంతు, కొంచెం బొంగురుపోయి, కానీ అదే. ఒక్క మాటకూ తడుముకోలేదు. ఎండిపోతుందని బాపు అన్న భాష. ఒక తరమంతా కట్టేసి ఉంచితే, నోరు తెరవగానే నిండుగా ఉంది.

నేను దడి దగ్గర ముసలమ్మల పక్కన నిలబడ్డాను. చచ్చినవాళ్ళకు ఏడుపు వినబడుతుందని నేను ఈ రోజుకూ నమ్మను. అక్కడ నమ్మాల్సిన పని పడలేదు. వినవలసినవాళ్ళు ఎదురెదురుగా బతికి ఉన్నారు, విన్నారు. బాపు ఉంటే ఏమనేవాడో తెలియదు. ఆయన నిజాయితీపరుడు, రుజువు కళ్ళ ముందుంటే ఒప్పుకునేవాడు అనుకుంటాను. ఆనాడు నా తల మీద వేసిన చెయ్యి తీసేవాడు.

ముసలమ్మల్లో ఒకావిడ అమ్మ వరుస ఒకటి విని, కాదు కాదు, మీ చిన్నాన్న పోయింది అంతకు ముందటి ఏడు అని అక్కడినుంచే సరిదిద్దింది. అమ్మ సరిదిద్దుకొని పోయింది.

ఎంతసేపో తెలియదు. ఎండ మంచం మీదినుంచి జరిగి గోడ ఎక్కింది. పెద్దమ్మే ముందు ఆపింది. కొంగుతో తన ముఖం తుడుచుకొని, అదే కొంగుతో అమ్మ ముఖం గట్టిగా, చిన్నపిల్లకు తుడిచినట్టు తుడిచింది. మరుక్షణం గొంతు మారిపోయింది. అమ్మ మీద విరుచుకుపడింది, వాళ్ళ భాషలో. కుర్చీలో కూర్చోవడానికి వచ్చినావా, పొయ్యి మీద రొట్టె వేసేది ఎవరు, ఈ కోడలు మిరపకాయలు విడిచి లేస్తదా, లే, పో. ఇంత నాకు అర్థమైంది. అమ్మ చేతిసంచి వాకిట్లోనే పడేసి లోపలికి పరిగెత్తింది. డెబ్బై ఏళ్ళ మనిషి. కాసేపటికి లోపలినుంచి ఉప్పు ఎక్కడుందని అరిచింది. పెద్దమ్మ అంతకంటే గట్టిగా అరిచి చెప్పింది. ఆ చెప్పడంలో రెండు తిట్లున్నాయి. లోపల అమ్మ నవ్వింది.

నేను కింద పడ్డ కుర్చీ లేపి గోడకు ఆనించాను. గొంతు ఎండిపోయి ఉంది. పాణి కావాలని పెద్దమ్మను అడిగాను. ఆమె నా వైపు తిరిగి, చెయ్యి ఊపుతూ, వేగంగా, ఏడెనిమిది వాక్యాలు చెప్పింది. కుండ గురించి, చెంబు గురించి, నా గురించి, బహుశా మా బాపు గురించి కూడా. సగమే అర్థమైంది. ఆమె తెలుగులో మళ్ళీ చెప్పలేదు. నేను చెప్పమనలేదు. కుండ ఎటువైపుందో నేనే వెతుక్కుంటూ లోపలికి పోయాను.